తేనెబురుజు మోకు

వర్షర్తువు కడిగి విడిచిన శరదాకాశము మధ్యాహ్నపుటెండలో నీలమణిఫలకమువలె మెరయుచుండ, నల్లమల పర్వతపంక్తులు ఒకదాని వెనుక నొకటి నీలిమ పలుచనగుచు దిగంతము దాక పరచుకొని యుండ, వాని నడుమ నొంటిగా తలయెత్తిన మేఘదుర్గమను ప్రాచీనపట్టణము తన యేడు ప్రాకారములలో మూడింటిని వృక్షములకును రెండింటిని కాలమునకును అప్పగించి మిగిలిన రెండింటితో నింకను రాజసము చెడక నిలిచి యుండెను. ఏనుగులు పోయిన గజశాలలో సీతాఫలవృక్షములు బారులు తీరి యుండెను. ముత్యములు రాశులు పోసి యమ్మిరని చెప్పుకొను నంగడివీథిలో ఉడుతలు తప్ప వేరు వర్తకులు లేకుండిరి. నైరృతి దెసనుండి ధవళధారయను జలపాతము మున్నూరడుగుల లోయలోనికి దూకుచు ఆ నిశ్శబ్దపట్టణమునకు బదులుగా తానొక్కతియే మాటలాడుచున్నట్లు ఘోషించుచుండెను. ఆ లోయకే యభిముఖముగా దక్షిణప్రాకారము కొండయంచు దాటి శూన్యములోనికి పొడుచుకొని వచ్చినచోట నొక బురుజు కలదు. దాని క్రింది చరియ గూడువలె లోనికి వంగి యుండుటచే వాన సోకని యా శిలాగర్భమున తరతరములుగా కొండతేనెపట్టులు నల్లని తెరలవలె వ్రేలాడుచుండును. జనులు దానిని తేనెబురుజందురు.

ఆ పట్టణమును చూడవచ్చు యాత్రికులకు దారిచూపువాడు బయన్న యను చెంచు. నలువదియైదేండ్లవాడు. పొడగరి. మాట తక్కువ. కొండ క్రింద మోటారుబస్సు దిగినవారిని వాకిలి వెంట వాకిలిగా నడిపించి గజశాలయు ధాన్యపుకొట్లును కోనేటిమెట్లును చూపి ధవళధార యెదుట కూర్చుండబెట్టి వారి యాయాసము తీరునందాక తాను పలుకక నిలుచుట యతని పద్ధతి. పూర్వమతనికి ఈ పని తేనెకాలము గాని దినములలో మాత్రమే యుండెడిది. తేనెబురుజు క్రింద మోకు మీద దిగి తేనె కోయువారిలో నతనిని మించినవాడా కొండపై లేకుండెను. ఆ మోకును తాకి మూడేండ్లయ్యెను.

మేఘదుర్గపు చెంచుగూడెమున తేనెకోతకొక కట్టడి కలదు. చరియ దిగువాని మోకును అతని యిల్లాలి తోడబుట్టినవాడే పట్టవలెను. సొంత యన్నదమ్ములు పట్టరాదు. ఒకతల్లి బిడ్డల నడుమనైనను ఏనాటికో పొరపొచ్చెము కలుగవచ్చును గాని తన యక్క మెడలోని తాళిని తన చేతులార తెంపువాడుండడని యా పెద్దలు తలచిరి. దిగుటకు ముందు మోకు పట్టినవాడు "ఎవరి మగడివి?" అని యడుగును. దిగువాడు భార్యపేరు చెప్పును. అంతటితో నిరువురి నమ్మకమును ఒక్క స్త్రీ పేరున ముడిపడును.

బయన్న మోకును పదునెనిమిదేండ్లు పట్టినవాడు అతని భార్య ఈరమ్మకు తమ్ముడైన పెద్దులు. తల్లి లేని యా తమ్ముని ఈరమ్మ చంకనెత్తుకొని పెంచెను. కాపురమునకు వచ్చునప్పుడు వెంటబెట్టుకొనియే వచ్చెను. అట్టి ఈరమ్మ మూడేండ్ల క్రిందటి భాద్రపదమున నొక యుదయము జ్వరముతో లేచెను. ఆమె నొసలు కాలుచుండుట బయన్న తన యరచేతితో నెరిగెను. "పోయి రా, నాకేమైతది?" అని యామె యనెను. యాత్రికులకు మాట యిచ్చి యుండుటచే నతడు వారిని ధవళధార వెనుకనున్న గుహకు తోడుకొని పోయెను. అంతలో వాగు పొంగెను. రెండు దినములు వారందరు గుహలో చిక్కుకొనిరి. బయన్న గూడెము చేరునప్పటికి పెద్దులు అక్కను డోలీలో ఆసుపత్రికి మోసికొని పోవుచు సగము దారినుండి ఆమె శవమును మోసికొని తిరిగి వచ్చి యుండెను. నాటినుండి వాడు బావతో పలుకలేదు. తిట్టియున్నను బయన్న మనసుకు కొంత తెరపి కలిగెడిది. వాడు తిట్టలేదు. మోకును తన గుడిసెకు తీసికొని పోయి వాసమునకు వ్రేలాడదీసికొనెను. అంతే.

ఆనాటి యుదయము బస్సు దిగినవారిలో శ్రీకంఠము పంతులును ఆయన భార్య హైమవతియు నుండిరి. పంతులు కోస్తాపట్టణమున కళాశాలలో చరిత్ర చెప్పువాడు. ప్రతి రాతికడను నిలిచి దానిని చేతితో నిమిరి యేదో యడుగుచున్నట్లు వంగి చూచుట యాయన యలవాటు. మిగిలిన యాత్రికులు కోనేటికడనే కూర్చుండిపోగా ఈ దంపతులు మాత్రమే బయన్న వెంట దక్షిణప్రాకారము దాక వచ్చిరి.

"ఆ రాళ్ళతో మాట్లాడినన్ని మాటలు నాతో మాట్లాడి ఉంటే ఈపాటికి నాకు శాసనాలన్నీ వచ్చేసి ఉండేవి," అని హైమవతి యనెను.

"రాళ్ళు మధ్యలో అడ్డురావు, హైమా."

"రాళ్ళు కాఫీ కూడా ఇవ్వవు. ఆ సంగతి రేపు పొద్దున్న గుర్తుకొస్తుంది."

బయన్న ముసిముసినవ్వుతో ముందు నడచుచుండెను. దారి యంచున పల్లము వచ్చినచోట నెల్ల పంతులు తానెరుగకయే పల్లపువైపునకు జరిగి భార్యను గోడవైపున నడిపించుట యతడు ప్రొద్దుటినుండి గమనించుచుండెను. అట్టి చిన్న చిన్న దయలు చూచినప్పుడు అతనికి మనసున నేదో చల్లగా తగులును, వెంటనే కలుక్కుమనును.

బురుజు చేరునప్పటికి హైమవతికి దాహమయ్యెను. ధాన్యపుకొట్టు వెనుక నొక యూట కలదు. బయన్న ముంత తీసికొని బయలుదేరుచు వెనుకకు తిరిగి "అయ్యా, ఆ అంచుకు పోబాకండి. ఆ రాళ్ల మద్దెన సున్నం రాలిపోయి ఉండాది," అని చెప్పెను. పంతులు తలయూచెను. కాని బురుజు వెలుపలిముఖమున శాసనమొకటి కలదని యాయన యెందరినోట వినియుండెను. అది యిప్పుడు మూరెడు దూరమున నుండెను. తల మాత్రము వెలుపలికి చాచిన చాలునని యాయన తలచెను. బయన్న ముంతలోనికి నీరు పట్టుచుండగా రాయి రాతిని రాచుకొను చప్పుడును, దాని వెంట హైమవతి కేకయు వినవచ్చెను.

అతడు పరుగెత్తి వచ్చి చూచునప్పటికి బురుజు పిట్టగోడలో నొక పంటి సందువలె ఖాళీ యేర్పడి యుండెను. పక్కనున్న తుపాకిరంధ్రము గుండ వంగి చూడగా ఎనిమిది నిలువుల క్రింద చరియనుండి పొడుచుకొని వచ్చిన యొక యంచుమీద పంతులు పడియుండెను. మనిషిమేను పట్టునంత వెడల్పే యా యంచు. దానికి క్రింద లోయ తప్ప మరేమియు లేదు. ఆయన కుడికాలు వంగరాని తీరున వంగి యుండెను. ఆయనకు మూడు బారల దూరమున పదునొకండు తేనెపట్టులు అలలు కదలినట్లు కదలుచు వ్రేలాడుచుండెను.

"ఏమండీ! వినబడుతోందా? ఏమండీ!"

"వినబడుతోంది హైమా," అని క్రిందినుండి గొంతు సన్నగా వచ్చెను. "కాలు కదలడం లేదు."

బయన్న ఈశాన్యము వంక చూచెను. ఉదయము లేని మేఘమొకటి యక్కడ నల్లబడి యుండెను. బురుజుమీద కురిసిన నీరంతయు తూము గుండ ఆ యంచుమీదికే దూకునని యతడొక్కడే యెరుగును. అడుగున నున్న ఊరికి మనిషిని పంపి సాయము రప్పింప నాలుగు గంటలు పట్టును. వాన రెండు గంటలాగదు. తేనెకోతనాటివలె పొగ పెట్టి యీగలను తోలుటకును వలనుపడదు. పొగ సోకిన యీగలు మొదట ఆ యంచుమీది మనిషినే కప్పివేయును.

"అమ్మా, నువ్వు ఆయన్ను పిలుస్తానే ఉండు. కళ్లు మూసుకోనియ్యబాక," అని చెప్పి యతడు గూడెమునకు పరుగెత్తెను.

పెద్దులు గుడిసె కోట రెండవ వాకిలి గోడ నానుకొని యుండెను. వాడు గడపలో కూర్చుండి అడ్డతీగనార చీల్చుచుండెను. బావ నీడ తన చేతులమీద పడినను తల యెత్తలేదు.

"మోకు కావాల పెద్దులూ."

"మూడేళ్లకు తెలిసొచ్చిందా ఈ దారి?"

"బురుజు కింద మనిషి పడి ఉండాడు. బతికే ఉండాడు."

"నీ యాత్రికుడా?"

"నా యాత్రికుడే."

"నీ యాత్రికులకు దినామూ నువ్వు కావాల," అని పెద్దులు నార నొక్క గుంజు గుంజెను. "మా యక్కకు ఒక్క దినం కావాల్సొచ్చింది."

అది మూడేండ్లుగా బయన్న తనకు తాను చెప్పుకొనుచున్న మాటయే. పెద్దులు లేచి వాసమునుండి మోకును దించి బావ పాదములకడ పడవేసెను.

"తీసుకపో. పట్టేది మాత్రం నేను గాదు."

"ఇంకెవరు పట్టేది? కిందికి పోయినాక మోకు పట్టినోడికి మాట వినబడదు. నా గుంజుడు తెలిసేది నీ చేతులకే."

"పెండ్లాం లేనోడికి బామ్మర్ది యాడిది?" అని పెద్దులు మొట్టమొదటిసారి కన్నెత్తి చూచెను. ఆ కన్నులలో కోపము కంటె భయమెక్కువగా నుండెను. "నిజం చెప్తా విను. ఈ మూడేళ్లల్లో నిన్ను మోకు మీద దించి వదిలేసినట్టు ఎన్నిసార్లు తలుచుకున్నానో నాకే తెల్వదు. నిద్దర్లో తలుచుకున్నా. మెలకువలో తలుచుకున్నా. నా చేతుల్ని నేనే నమ్మను. నువ్వెట్టా నమ్ముతావు?"

దూరమునుండి హైమవతి పిలుపు గాలిలో తెగి తెగి వచ్చుచుండెను.

"నమ్మకం నాకూ లేదురా," అని యతడు మెల్లగా పలికెను. "అయినా ఆడ ఆయమ్మ నిలబడి మొగుణ్ణి పిలుస్తుండాది. లే."

పెద్దులు వంగి మోకును భుజముమీద వేసికొనెను.

వారు బురుజు చేరునప్పటికి కోట కావలివాడును, యాత్రికుల వెంట కొండయెక్కి కోనేటికడ నుండిపోయిన బస్సు నడుపు మస్తానును కేకలు విని వచ్చి యుండిరి. హైమవతి తుపాకిరంధ్రమునకు మోమానించి పిలుచుచునే యుండెను. "నిద్రొస్తోందా? వస్తే ఊరుకుంటాననుకున్నారా? ఇంటికి రండి, మీ పుస్తకాలన్నీ అటకెక్కిస్తాను. వింటున్నారా? మూడో తరగతి పిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు పాపం ఆయన, పోవద్దని." గొంతు కసురుచుండెను; కన్నీరు చెంపలనుండి రాతిమీద బొట్లుబొట్లుగా రాలుచుండెను.

బురుజు నడుమ పూర్వము పతాకము నెత్తిన రాతిస్తంభపు మొండి యొకటి కలదు. పెద్దులు మోకును దాని చుట్టు ఒకటిన్నర చుట్టు త్రిప్పి, తన నడుమునకు చుట్టి కొనను వెనుకకు విడిచి, రెండవ కొనను బావ నడుమునకు బిగించెను. ముడి వేయుటలో వాని వ్రేళ్లు పాతదారిని మరువలేదు. ముడి గట్టిదనమును తట్టి చూచుచు వాడు "యాత్రికుల పలారాలు తిని బాగానే బరువెక్కినావు," అనెను. ఆ మాటలో నవ్వు లేదు. మస్తానును కావలివానిని తన వెనుక నిలిపి "నేను చెప్పినప్పుడే లాగండి. నేను చెప్పకుండా వేలు గూడా కదిలించబాకండి," అని చెప్పెను.

బయన్న గొంగడిని వీపునకు కట్టుకొని యంచుకడ నిలిచెను. ఇప్పుడు పెద్దులు అడుగవలసిన మాట యొకటి కలదు. బయన్న వేచెను. గాలి వీచెను. జలపాతము ఘోషించెను. పెద్దులు మోకును చూచుచుండెను గాని పెదవి కదపలేదు. అప్పుడు బయన్న యెవరును అడుగకయే "ఈరమ్మ మగణ్ణి," అని తనలో తాను చెప్పుకొన్నట్లు పలికి అంచు దాటెను. పెద్దులు మొగము ప్రక్కకు త్రిప్పుకొనుట యతడు చూచెను.

రెండు నిలువులు దిగునప్పటికి బురుజు కనుమరుగయ్యెను. నాలుగు నిలువులు దిగునప్పటికి స్తంభముకడ నున్నవారి మాటలు జలపాతఘోషలో కలిసిపోయెను. అటుపై నతనికిని పైలోకమునకును మోకు తప్ప వేరు వార్త లేదు. ఒక్క గుంజుడనగా వదలుమని, రెండనగా నిలుపుమని, మూడనగా లాగుమని గుర్తు. అతడొకటి గుంజెను. మోకు వెంటనే జవాబిచ్చినట్లు జానెడు సాగెను. మరల గుంజెను, మరల జానెడు. పదునెనిమిదేండ్లు తాను విన్న యా నిదానమే. అయినను తన ప్రాణమును ద్వేషించు చేయియే తన ప్రాణమును జానెడు జానెడుగా కొలిచి యిచ్చుచున్నదని తోచి చరియకు పాదములానించుచు తేనెపట్టుల వంక చూడక దిగెను. అవి యతని యెడమప్రక్కన వేలవేల రెక్కలతో నొక్క యూపిరి పీల్చుచున్నట్లు గుసగుసలాడుచుండెను.

పంతులు కన్నులు తెరచియే యుండెను. పెదవులు తెల్లబడి యుండెను.

"తప్పు నాదేనయ్యా. నువ్వు చెప్పావు," అని యాయన యనెను.

"మాట్లాడబాకండయ్యా. నా మెడ పట్టుకోండి."

"చదివాను. ఒక్క పంక్తి చదివాను." ఆయన కన్నులలో నట్టి స్థితిలోను వెలుగు మెరసెను. "కట్టించిన రాజు పేరు కాదు. రాళ్ళు మోసినవాళ్ళ పేర్లు. వరసగా."

బయన్న గొంగడితో నాయనను కప్పి తన వీపునకు కట్టుకొని మోకు మెలికలో నిరువురిని బిగించెను. విరిగిన కాలు కదలినప్పుడు పంతులు అతని భుజమును కరచిపట్టెనే గాని కేక వేయలేదు. బయన్న మూడుసార్లు గుంజెను. మోకు బిగిసెను. వారి పాదములు అంచును విడిచెను.

మూడు నిలువులు సవ్యముగ లేచిరి. అంతట ఇద్దరి బరువుచే మోకు బురుజు పెదవిమీద రాచుకొనగా అక్కడ వదులై యున్న గుప్పెడు రాతిముక్క యూడి క్రిందికి దొర్లి, వెలుపలివరుసలోని పెద్దపట్టుమీద పడెను. ఒక్క నిమేషము పట్టు కదలలేదు. తరువాత ఆ నల్లతెర చిరిగి గాలిలోనికి లేచెను. దాని ఘోష ముందు జలపాతఘోష చిన్నబోయెను. బయన్న పంతులు తలను గొంగడి లోనికి త్రోసి తన మొగమును రాతికానించెను. మెడమీదను ముంజేతులమీదను నిప్పురవ్వలు పడినట్లయ్యెను. కాని దండు క్రింద నిలువలేదు. లోయగాలి యెత్తివేయగా పైకి, బురుజు పైకి, మేఘమువలె లేచిపోయెను.

పైనుండి కేకలు లీలగా వినవచ్చెను. "పరిగెత్తండి!" అని యెవరో యరచిరి. మోకు నిలిచిపోయెను.

తరువాత అది జారెను.

ఒక మూర. రెండు మూరలు. ఇదియే యా క్షణమని బయన్న తెలిసికొనెను. వాడు తలచిన తలపు, నిద్రలోను మెలకువలోను తలచిన తలపు, ఇదిగో చేతులలోనికి దిగినది. "పెద్దులూ!" అని యొక్కసారి పిలిచెను, ఆ పిలుపు జలపాతములో మునిగిపోయెను. రెండవసారి పిలువలేదు. కాలుచున్న యొక నొసటిని ముట్టియు గడప దాటి పోయిన తాను ఏ మొగముతో పిలువగలడు? తన వరకైన నతడు నోరెత్తకుండును. కాని వీపుమీద మరియొక స్త్రీ మగడు వెచ్చగా నూపిరి విడుచుచుండెను. ఆ యూపిరి మెడకు సోకినప్పుడెల్ల బయన్న కన్నులు మూసికొని, తాను పలుకుటకు తగని మాటను మనసులోనే పలికెను: వీణ్ణి వదలబాక. వీణ్ణి మాత్రం వదలబాకరా.

మోకు నిలిచెను.

లాగుటయు లేదు, వదలుటయు లేదు. ఇరువురును శూన్యములో మెల్లగా తిరుగుచు వ్రేలాడుచుండిరి. బయన్న అరచేతిని మోకుమీద నుంచెను. అది నిర్జీవమైన మోకువలె లేదు; జ్వరపీడితుని నాడివలె సన్నగా విడువక వణకుచుండెను. పైన నెవరో దానిని సర్వశక్తులతో పట్టియున్నారు. ఎంతసేపు పట్టగలరో తెలియదు. ఆ వణకును వేళ్లకొనలతో వినుచు నతడు లెక్కలేని కాలము గడపెను.

అంతట నొక చినుకు అతని నొసటిమీద పడెను. మరియొకటి పంతులు చేతిమీద పడెను. దేనికి భయపడి ప్రాణములు చేతబట్టుకొని దిగెనో ఆ వానయే వచ్చెను. చినుకులు చిక్కబడినకొలది పైనుండి తేనెటీగలు తడిసిన రెక్కలతో నొక్కొక్కటిగా, పదులుగా, వందలుగా దిగివచ్చి పట్టులను చేరుకొనసాగెను. తూమునుండి మొదటి నీటిపాయ జారి వారు విడిచివచ్చిన యంచుమీద పడి తెల్లగా చెదరెను. అదే నిమిషమున మోకు గట్టిగా, నలుగురి బలముతో, పైకి లేచెను.

బురుజుమీద నతడు చూచిన దృశ్యమును చూచుటకు సిద్ధపడి యుండలేదు. ఈగలు లేచినప్పుడు మస్తానును కావలివాడును మోకు విడిచి పరుగెత్తి, వాన పడినపిమ్మట తిరిగి వచ్చి యుండిరి. వారు పోగానే ఇద్దరు మనుష్యుల బరువు ఒక్కసారిగా పెద్దులు చేతులమీద పడెను. ఆ రెండు మూరలును వాని యరచేతుల చర్మమును వెంట తీసికొని పోయెను. వాడు వెల్లకిల పడి, రెండు మడమలను స్తంభపు మొండికి తన్నిపట్టి, మోకును ముంజేతులకు చుట్టుకొని యుండెను. మొగమున నొక్క చేయి యాడించిన నీగలు కొంతైన తొలగెడివి. ఆడించుటకు వానికి చేయి లేదు. రెప్పలు పూడి, పెదవులు పొంగి, అది వాని మొగమని గుర్తింపరాకుండెను. వాని తలమీద హైమవతి శాలువ యుండెను. ఆమె దానిని కప్పి, ఈగలలోనే వాని వెనుక కూలబడి, మోకుకొనను తన రెండు చేతులతో పట్టుకొని యింకను విడువక యుండెను.

పంతులును దించిరి. హైమవతి మగని తలను ఒడిలోనికి తీసికొని మొగముమీది వాననీటిని కొంగుతో తుడిచెను. పిమ్మట "కళ్ళజోడేదీ?" అనెను.

"కింద పడిపోయింది హైమా."

"పోనీండి. కొన్నాళ్ళు నన్నే చూడండి," అని యామె వెక్కి వెక్కి యేడ్చెను.

మస్తాను దూరముగా నిలిచి తల వంచుకొని యుండెను. "నా కాళ్లు నా మాట యినలేదు తల్లీ," అని యనెను. ఆమె వానిని నిందింపక "తిరిగొచ్చావుగా నాయనా," అనెను. ఆ మాటకు వాడు తెప్పరిల్లి, వెదురుబద్దలు తెచ్చి పంతులు కాలికి కట్టించి, డోలీకి మొదటి భుజము తానే యిచ్చెను. బయలుదేరునప్పుడు హైమవతి పెద్దులు వంక చూచి బయన్న నడిగెను.

"ఇతను మీకేమవుతాడు?"

బయన్న పెద్దులు చీలిన యరచేతులను చూచెను.

"నా బామ్మర్దమ్మా," అనెను.

డోలీ ఘాటుదారి మలుపులో మరుగయ్యెను. వాన యెంత వేగముగా వచ్చెనో యంత వేగముగా వెలిసి, సాయంకాలపుటెండ తడిసిన ప్రాకారములమీద బంగారునీరు పోసినట్లు పరచుకొనెను. బయన్న బావమరదిని స్తంభపు మొండికి చేరగిల కూర్చుండబెట్టి, ఎదుట గొంతుకూర్చుండి, వాని మొగమున గ్రుచ్చుకొని యున్న యీగముండ్లను బొటనవ్రేలి గోటితో నొక్కొక్కటిగా తీయ నారంభించెను. నొసటినుండి మొదలు పెట్టెను.

"కదలబాక."

"కదల్లా. నీ గోరే మొద్దుబారింది," అని పెద్దులు పొంగిన పెదవులనుండి మాటను కూడదీసికొనెను. కొంతసేపటికి మరల పలికెను. "ఆ రెండు మూరలు... నేను వదల్లేదు బావా. జారినాయి."

"పైకొచ్చినాక తెలిసింది."

"కిందున్నప్పుడు?"

బయన్న అబద్ధమాడలేదు. "వదిలినావనే అనుకున్నా."

పెద్దులు తలయూచెను. అందులో నొప్పి కలదు గాని నిష్ఠురము లేదు. లోయలో ధవళధార వానతో బలిసి గంభీరముగా ఘోషించుచుండెను. బయన్న కణతమీది ముల్లు తీసి చెంపకడకు వచ్చుచుండగా పెద్దులు మూసికొనిపోయిన కన్నులతోనే, ఎదుటివాని మొగము కనబడకపోవుటచే నిప్పుడు పలుకగలిగినట్లు, మెల్లగా పలికెను.

"డోలీలో యక్క నిన్ను తిట్టలేదు బావా. ఒక్క మాటన్నది. మీ బావ ఆకలితో వస్తాడు, పొయ్యిలో అడవిగడ్డలు పెట్టి మరిచినాను, మాడిపోతాయి, ఎవరినన్నా తిరిగి పంపు అన్నది. తర్వాత మాట్లాడలేదు." వాడు చీలిన యరచేతులను ఒడిలోనికి లాగుకొనెను. "మూడేళ్లు నీకు చెప్పకుండా దాచుకున్నా. నీకు ఇయ్యబుద్ధి కాలేదు."

మనుష్యుడు మనుష్యునికి చేయగల కీడులలో చావుబ్రతుకుల కందని దొకటి కలదు. అది ప్రియజనుల కడపటి దయను మన కందకుండ నాపివేయుట. దానిని తిరిగి యిచ్చుట యంతటి మేలు. మూడేండ్లు ఆలస్యముగా వచ్చినను ఆ మాట చల్లారలేదు. పొయ్యిమీదినుండి యిప్పుడే దించినట్లు వెచ్చగా నుండెను. బయన్న దానిని స్వీకరించెను. కన్నులు తుడుచుకొన నతనికి వీలు లేకుండెను. ఎడమచేయి పెద్దులు గడ్డము క్రింద నుండెను, కుడిచేయి వాని చెంపమీద నుండెను. అందుచే కన్నీటిని జారనిచ్చి, తరువాతి ముల్లు నొప్పి పెట్టకుండునట్లు వంగి, మరింత మెల్లగా తీయసాగెను.